పురుగు వీపు మీద రెండు చుక్కలు

మా వదిన ఇంటికి తాళం వేసి వీధి మలుపుదాకా వెళ్ళి, మళ్ళీ వెనక్కి వచ్చి తాళం లాగి చూస్తుంది. బస్సెక్కాక మా అన్నయ్యకు ఫోన్ చేసి, "గ్యాస్ కట్టేశానంటారా?" అని అడుగుతుంది. అన్నయ్య పదిహేనేళ్ళుగా ఒకే జవాబు చెబుతున్నాడు: "కట్టేశావు తల్లీ, నేను చూశాను." చూడడు. ఆమెకన్నా గంట ముందే డ్యూటీకి వెళ్ళిపోతాడు. ఆ సంగతి ఆమెకూ తెలుసు. అయినా ఆ మాట చెవినపడితేగాని సీట్లో సర్దుకుని కూర్చోదు.

ఇంత భయస్థురాలు చేసే ఉద్యోగం పురుగుల ఫొటోలు తీయడం. మొక్కల తనిఖీ ఆఫీసులో మేడ మీద చివరి గది ఆమెది. ఒక బల్ల, బల్లకు బిగించిన కెమెరా, ఒక పాత కంప్యూటర్, కిటికీకి నల్లగుడ్డ. వీధిలో అందరూ ఆమెను పురుగులమ్మ అంటారు. ఇంట్లో ఫ్రిజ్ తలుపు అరలో కూడా చిన్న చిన్న డబ్బాలుంటాయి. చల్లదనానికి పురుగు మందగించి కదలకుండా కూర్చుంటుందని. ఒకసారి అన్నయ్య వెన్న డబ్బా అనుకుని మూత తీశాడు. ఆ తర్వాత వారం రోజులు ఫ్రిజ్‌లో ఏం కావాలన్నా ఆమెనే తీసిపెట్టమనేవాడు.

పెళ్ళికి ముందు ఆరేళ్ళు పాస్‌పోర్టు ఫొటోల స్టూడియోలో పనిచేసింది. కళ్ళజోడు పెట్టుకున్నవాళ్ళు కూర్చుంటే అద్దాల్లో దీపం మెరిసి కళ్ళు కనపడేవి కావు. "జోడు తీసెయ్యమను, గొడవ వదిలిపోతుంది" అనేవాడు యజమాని. ఈమె తీయించేది కాదు. దీపాన్ని పక్కకు జరిపి, దాని ముందు పాత దుప్పటి ముక్క కట్టి, జోడుతోనే తీసేది. ఎవరూ నేర్పలేదు. చేసి చూసింది, కుదిరింది. ఆ దుప్పటి ముక్క తెలివితోనే తర్వాత ఈ ఆఫీసులో పని దొరికింది.

ఆఫీసు పని ఇలా ఉంటుంది. తనిఖీకి వెళ్ళినవాళ్ళు నర్సరీల నుంచీ తోటల నుంచీ పురుగుల్ని డబ్బాల్లో తెస్తారు. వదిన ఫొటో తీస్తుంది. పురుగు స్పిరిట్ సీసాలో పై ఆఫీసుకు పోస్టులో వెళ్తుంది, వారం పది రోజులు పడుతుంది. ఫొటో మాత్రం ఆ పూటే వెళ్తుంది. అక్కడ పురుగుల శాస్త్రం చదివిన ఒక మేడమ్ చూసి ఇది ఫలానా అని చెబుతుంది. అంటే సీసా చేరేదాకా ఆ పురుగు తరఫున మాట్లాడేది వదిన తీసిన ఫొటో ఒక్కటే.

చిన్న పురుగును దగ్గరగా తీయాలంటే వెలుతురు చాలదు. అందుకని లెన్స్‌కు రెండు పక్కలా చెవుల్లాగా రెండు చిన్న ఫ్లాష్‌లు ఉంటాయి. ఒట్టి ఫ్లాష్ కొడితే నున్నటి పురుగు వీపు అద్దంలా పనిచేస్తుంది. రెండు ఫ్లాష్‌లు రెండు తెల్ల చుక్కలై అందులో కనపడతాయి. వాటిని మెత్తబరచడానికి ముందు ఏదైనా తెల్లటి పొర పెట్టాలి. దుకాణాల్లో దాన్ని డిఫ్యూజర్ అంటారు, మా వదిన తెర అంటుంది. ఆమె కుట్టుకున్న గుడ్డ తెర నాలుగేళ్ళు నడిచి, పసుపురంగుకు తిరిగింది. ఫొటోలు కూడా పసుపుగా, మసకగా వచ్చాయి. ఆఫీసరుగారు చూసి, "ఏంటమ్మా ఇవి, పొగలో తీసినట్టున్నాయి? తళతళలాడాలి" అన్నారు. తెర తీసేసింది. కొత్తది కుట్టాలనుకుంది. అనుకుంటూనే నాలుగు నెలలు గడిచాయి.

ఆ సోమవారం ఒక నర్సరీ నుంచి చెట్టు మానును తొలిచే పురుగు వచ్చింది. నువ్వుగింజంత, నల్లగా, నూనె రాసినట్టు మెరుస్తూ. ఆఫీసరుగారు గుమ్మంలో నిలబడి గడియారం చూస్తున్నారు. వదిన గబగబా పన్నెండు ఫొటోలు తీసి, ఒకటి ఎంచింది. వీపు మీద అటొకటి ఇటొకటి తెల్ల చుక్కలు కళ్ళకు గుచ్చుకున్నాయి. ఆమె చెయ్యి శుభ్రమైన చెయ్యి, గుచ్చుకునేదాన్ని అలా పంపలేదు. కంప్యూటర్‌లో ఆ రెండు చోట్లా తెలుపు తగ్గించి, అంచులు మెత్తబరిచి పంపింది. నాలుగు నెలలుగా రోజూ చేస్తున్న పనే.

మంగళవారం పై ఆఫీసు నుంచి జవాబొచ్చింది. నల్లటి వీపు, ఇరువైపులా మీగడరంగు మచ్చలు, ఇది మేం ఏళ్ళుగా రాకుండా కాపలా కాస్తున్న తొలుచుపురుగులా ఉంది. నమూనా వచ్చేదాకా ఆగితే చుట్టుపక్కల తోటలకు పాకుతుంది. గురువారం ఉదయం పదింటికి ఆ నర్సరీలో తల్లిచెట్లన్నీ కొట్టి కాల్చెయ్యండి.

తల్లిచెట్లంటే, వాటి కొమ్మలు కోసి అంట్లు కడతారు. ఆ నర్సరీ పెద్దాయన ఇరవై రెండేళ్ళ కిందట స్వయంగా నాటిన చెట్లు, నలభై. అవి పోతే నర్సరీ పోయినట్టే. మిగిలేవి ఖాళీ కుండీలు.

బుధవారం మధ్యాహ్నం రెండింటికి వదిన ఆఫీసు కెమెరా సంచిలో పెట్టుకుని నా దుకాణానికి వచ్చింది. నేను లోపల దీపాలు పెట్టే బోర్డులు చేస్తాను, మందుల షాపులకూ మంగలి షాపులకూ. ఆమె ముఖంలో నెత్తురుచుక్క లేదు.

"తెల్ల షీటు ముక్క ఉందా?"

"ఏ తెలుపు వదినా? నా దగ్గర ఐదు తెలుపులున్నాయి."

"చీరలషాపువాడిలా మాట్లాడకు మరిదీ. ఉన్నవన్నీ తియ్యి."

"కూర్చో ముందు. మంచినీళ్ళు తాగు. గ్యాస్ కట్టే వచ్చావులే."

ఆమె నవ్వలేదు. ఫోన్ తీసి ఒక ఫొటో చూపించింది. నల్లటి గుండ్రటి వస్తువు, నాలుగు రంధ్రాలు, అటూ ఇటూ మీగడరంగు మచ్చలు.

"ఇదేం పురుగు?" అన్నాను.

"నా కోటు గుండీ."

అప్పుడు చెప్పింది. పొద్దున ఇంకో పురుగు ఫొటో తీసి, అలవాటుగా చుక్కల తెలుపు తగ్గిస్తుంటే చెయ్యి ఆగిపోయిందట. ఆ ఆకుపచ్చ పురుగుకూ అవే చుక్కలు, అదే చోట. కోటు గుండీ తెంపి, దాన్ని కూడా అలాగే ఫొటో తీసి, అలాగే తెలుపు తగ్గించి చూసింది. పై ఆఫీసు వాళ్ళు భయపడుతున్న మచ్చలు గుండీకీ వచ్చాయి.

"అయితే ఆ చుక్కలు ఫ్లాష్‌వే. ఆఫీసరుగారికి చెప్పేస్తే సరిపోతుందిగా?" అన్నాను.

"ఏమని చెప్పను? ఫ్లాష్ చుక్కల కింద పురుగు చుక్కలు కూడా ఉన్నాయేమో! లేవని నేను చూడలేదు. నువ్వుగింజ మీద చుక్క మామూలు కంటికి ఆనదు. భూతద్దంలో పెట్టినా మెరుపే కనపడుతుంది. ఉన్న ఒక్క పురుగూ సీసాలో ఎక్కడో దారిలో ఉంది." ఆమె ఫోన్ బల్ల మీద పెట్టింది. "ఇన్నాళ్ళూ ఆ చుక్కలు చూసి చూసి, నాకు కనపడటమే మానేశాయి మరిదీ. తుడిచేదాన్నే గాని చూసేదాన్ని కాదు."

ఇంకో పురుగు దొరకాలి. దాన్ని మంచి తెరతో తియ్యాలి. ఉదయం పదిలోపు. ముందు తెర సంగతి చూద్దామని బల్ల ఖాళీ చేశాను.

దీపాల బోర్డులు చేసేవాడికి ఈ బాధ కొత్తది కాదు. షీటు దీపానికి ఆనుకుని ఉంటే బయటికి దీపాలన్నీ మచ్చలుగా కనపడతాయి. నాలుగు వేళ్ళు దూరం జరిపితే బోర్డంతా ఒకటే తెలుపవుతుంది. వదినకూ అది తెలుసు. అయినా కంగారులో మొదట రెండు చిన్న ముక్కలు కోసి ఫ్లాష్‌ల ముఖాలకే అతికించింది. గుండీని ఫొటో తీసింది. రెండు చుక్కలు రెండు చుక్కల్లాగే ఉన్నాయి, కాస్త ఉబ్బాయి.

"దూరం," అన్నాను.

"తెలుసు. నోరు మూసుకో."

పాలరంగు షీటు జానెడు కోసి, వేడిగాలితో వంచి, లెన్స్ పైనుంచి చూరులా ముందుకు వచ్చేలా అమర్చాం. ఫ్లాష్‌లు షీటు వెనకాల, గుండీ చూరు కింద. చూరు పురుగుకు ఎంత దగ్గరగా ఉంటే, పురుగుకు ఆ వెలుతురు అంత పెద్ద ఆకాశంలా కనపడుతుంది. మళ్ళీ తీసింది. చుక్కలు కరిగి ఒక పట్టీ అయ్యాయి, కాని పట్టీలో రెండు చోట్ల ఇంకా తెల్లగా మండుతోంది. ఆమె గోళ్ళు కొరుకుతోంది. నేను ప్యాకింగ్‌లో వచ్చే పల్చటి ఫోము తెచ్చి, షీటు వెనకాల వేలెడు ఖాళీ వదిలి రెండో పొర కట్టాను. ఈసారి గుండీ మీద మెరుపు దీపంలా లేదు, మబ్బుపట్టిన పగటి వెలుతురులా ఉంది. రంధ్రాల అంచులు, దారం రాసుకున్న గీత, అంచున చిన్న పగులు కూడా కనపడ్డాయి.

"మెరుపు పోలేదుగా," అన్నాను.

"నున్నటిదాని మీద మెరుపు పోదు. పరుచుకుంటుంది. పరుచుకుంటే కింద ఏముందో చూడనిస్తుంది."

రెండు పొరలు వెలుతురు సగానికి పైగా తినేశాయి. ఫ్లాష్‌ను పూర్తి బలంతో కొట్టాలి, ఒకసారి కొట్టాక మళ్ళీ నిండటానికి నాలుగు సెకన్లు ఆగాలి. కదిలే పురుగు ముందు నాలుగు సెకన్లంటే చాలా సేపు. అది తలుచుకుంటూనే ఆమె కెమెరా, దాని స్టాండు సంచిలో సర్దింది. నా స్కూటర్ మీద బయల్దేరాం. దారిలో రెండుసార్లు ఆపించి, తెర విరిగిందేమోనని చూసుకుంది.

నర్సరీ పెద్దాయన గేటు దగ్గరే కూర్చుని ఉన్నాడు. కెమెరా సంచి చూడగానే లేచాడు.

"మళ్ళీ ఫొటోనా అమ్మాయ్? మొన్నటి ఫొటోకి నా చెట్లు పోతున్నాయి. ఈసారి నా ఒంటి మీద ఏం కనపడుతుందో చూసి నన్నూ కాల్చండి."

నేను ఏదో సర్దిచెప్పబోయాను. వదిన నా చెయ్యి పట్టి ఆపింది.

"మొన్నటి ఫొటోలో తప్పుందేమో బాబాయిగారూ. నా తప్పు. ఏమో అంటున్నాను, అవునని చెప్పట్లేదు. ఇంకో పురుగు దొరికితే తేలుతుంది."

పెద్దాయన ఆమె ముఖంలోకి చూశాడు. "తేలి, అది ఆ పురుగే అయితే?"

"అయితే నేను చెప్పడానికి ఏమీ మిగలదు."

"హమ్మయ్య, అబద్ధం చెప్పని మనిషొకరు వచ్చారు," అంటూ చాకు తీసుకుని లోపలికి నడిచాడు.

మూడో వరసలో ఒక చెట్టు. మానుకు సూది గుచ్చినట్టు రంధ్రాలు, కింద చిటికెడు రంపపు పొట్టు. పెద్దాయన ఒక కొమ్మ కోసి, రంధ్రం వెంబడి చాకుతో నిలువునా చీల్చాడు. లోపల ఏమీ లేదు. ఇంకో కొమ్మ. ఖాళీ. పొద్దు చెట్ల వెనక్కి జారుతోంది. ఐదో కొమ్మలో రెండు పురుగులున్నాయి, ఒకటి చాకు కింద నలిగింది. రెండోది వదిన పట్టుకున్న డబ్బాలో పడింది. ఆమె వెంటనే మూత పెట్టి, తీసి చూసి, మళ్ళీ పెట్టింది.

పెద్దాయన షెడ్డులో ఫ్రిజ్ ఉంది. పావుగంట చల్లబెట్టి, బల్ల మీద తెల్లకాగితం పరిచి, కెమెరా బిగించి, తెర కింద పురుగును ఉంచింది. మొదటి ఫొటో గురి తప్పింది. రెండోదానికి ఫ్లాష్ నిండలేదు, నల్లగా వచ్చింది. పురుగుకు మెలకువ వచ్చింది. కాళ్ళు సాగదీసి, కాగితం అంచువైపు నడవసాగింది. అంచు అవతల బల్ల పగులు, పగుల్లోకి దూరితే ఇక అంతే. నేను వేలు అడ్డం పెట్టబోయాను.

"తాకకు!" అంది వదిన.

పెద్దాయన కాగితం మూలను మెల్లగా పైకెత్తాడు. పురుగు ఆగి, మీసాలు ఆడించి, ఎటు పోవాలా అని నిలబడింది. అప్పుడు కొట్టింది. నాలుగు సెకన్లు. మళ్ళీ కొట్టింది.

ముగ్గురం కెమెరా వెనకనున్న చిన్న స్క్రీన్ మీదికి వంగాం. నువ్వుగింజంత పురుగు అరచేయంత కనపడింది. వీపు పొడవునా ఒక లేత వెలుగు, ఆ వెలుగులో వరసగా సూదిమొన గుంటలు, గుంటకొక వెంట్రుక. అంతటా ఒకటే నలుపు. చుక్కల్లేవు.

పెద్దాయన, "లేవుగా!" అని అరిచాడు. వదిన అతని వైపు చూడలేదు.

"ఆగండి. ఇంకా చెప్పకండి."

పురుగున్న కాగితాన్ని మెల్లగా పక్కకు తిప్పి మళ్ళీ తీసింది. తర్వాత తెర విప్పేసి, ఒట్టి ఫ్లాష్‌తో ఒకటి తీసింది. రెండు తెల్ల చుక్కలు ఠక్కున ప్రత్యక్షమయ్యాయి. కాగితం ఇంకాస్త తిప్పి తీసింది. పురుగు తిరిగింది, చుక్కలు మాత్రం ఫొటోలో ఉన్నచోటే ఉండి, ఇప్పుడు వీపు మీద కాకుండా పక్కన మెరిశాయి.

"మచ్చ పురుగుదైతే పురుగుతో పాటు తిరగాలి," అంది. అప్పుడు స్టూలు మీద కూర్చుంది.

ఫొటోలన్నీ అక్కడినుంచే ఆఫీసరుగారికీ, పై ఆఫీసుకూ పంపింది. కింద ఆమె రాసింది నేను చదివాను: "సోమవారం పంపిన ఫొటోలోని రెండు మచ్చలు పురుగువి కావు, నా ఫ్లాష్‌వి. వాటి తెలుపు తగ్గించి మచ్చల్లా కనిపించేలా చేసింది కూడా నేనే. సరైన ఫొటోలు ఇవి."

ఐదు నిమిషాల్లో ఆఫీసరుగారి ఫోన్. అవతలి గొంతు నాకు కూడా వినపడింది.

"నన్నడక్కుండా పైకి ఎందుకు పంపావమ్మా? ఆర్డరు మీద నా సంతకం ఉంది!"

"మీకే ముందు పంపాను సార్. రెండు నిమిషాల తేడా ఉంది, చూడండి."

"చూశాన్లే. పైనుంచి మాట వస్తేనే ఆగుతుంది. రాకపోతే పది గంటలంటే పది గంటలే."

ఆ రాత్రి పైనుంచి ఏ మాటా రాలేదు. తెల్లారాక కూడా రాలేదు. తొమ్మిదిన్నరకు నర్సరీ గేటు దగ్గర రంపపు మిషన్లతో నలుగురు దిగారు. వాళ్ళ వెనకే ఆఫీసరుగారు. వదినా నేనూ ఎనిమిదింటినుంచీ అక్కడే ఉన్నాం. ఆమె మేడమ్ నంబరుకు ఫోన్ చేస్తోంది, బిజీ అని వస్తోంది, మళ్ళీ చేస్తోంది.

"పది నిమిషాలు ఆగండి సార్."

"ఆగానమ్మా. పదీ ఐదయింది."

"ఇంకొక్క పది."

"నా ఉద్యోగం నువ్వు చేస్తావా?"

రంపం మోగింది. మూడో వరసలో పురుగు దొరికిన చెట్టుతోనే మొదలుపెట్టారు. ఇరవై రెండేళ్ళ చెట్టు రెండు నిమిషాల్లో పక్కకు వాలిపోయింది. పెద్దాయన అటు తిరగలేదు. కుండీల వరసలో కలుపు పీకుతూ కూర్చున్నాడు, అక్కడ కలుపు లేకపోయినా. రంపం రెండో చెట్టు బెరడులో దిగుతుండగా వదిన చేతిలో ఫోన్ మోగింది.

మేడమ్ నమస్కారం కూడా చెప్పలేదు. "తిప్పి తీశారుగా, తిరిగింది కెమెరానా, పురుగా?"

"పురుగే మేడమ్. కెమెరా బల్లకు బిగించే ఉంది. ఫ్లాష్‌లు దాని మీదే ఉన్నాయి."

"అయితే ఆపమనండి. ఆఫీసరుకి ఫోనివ్వండి."

వదిన ఫోన్ ఇవ్వలేదు. ముందు పరుగెత్తింది. చేతులు ఊపుకుంటూ, "ఆపండి! ఆపండి!" అని అరుస్తూ వెళ్ళి రంపం ముందు నిలబడింది. వేసిన తాళం మళ్ళీ వచ్చి లాగి చూసుకునే మనిషి, తిరుగుతున్న రంపం ముందు. రంపం పట్టుకున్నవాడు అదిరిపడి మిషన్ కట్టేశాడు. ఆ తర్వాత ఆఫీసరుగారికి ఫోన్ అందించింది. ఆయన విన్నారు, రెండుసార్లు "అలాగే మేడమ్" అన్నారు. నమూనా ఫలితం వచ్చేదాకా ముప్పై తొమ్మిది చెట్లకూ సన్నవల కట్టమని చెప్పి వెళ్ళిపోయారు. వెళ్తూ, "పోనీలే, ఒక్క చెట్టుతో పోయింది," అన్నారు.

ఆ పది రోజులూ వదినకు ముద్ద దిగలేదు. ఫొటో ఒక మాట, సీసాలో పురుగు ఇంకో మాట చెబితే? పై ఆఫీసు నుంచి ఆమెకు సంజాయిషీ అడుగుతూ కాగితం కూడా వచ్చింది. ఫొటోలో వెలుగు దిద్దినట్టు ముందే ఎందుకు తెలపలేదని. "తెలపాలని తోచలేదు. ఇకమీద దిద్దను. తీసింది తీసినట్టు పంపుతాను," అని రెండు ముక్కల్లో జవాబు రాసింది. నేనైతే ఇంకాస్త సమర్థించుకునేవాణ్ణి.

పదకొండో రోజు ఫలితం వచ్చింది. నీళ్ళు చాలక నీరసించిన చెట్లకు పట్టే మామూలు తొలుచుపురుగు. ఆ మాట స్వయంగా చెప్పాలని నర్సరీకి వెళ్ళింది. నేనే దింపాను.

పెద్దాయన రెండో చెట్టు దగ్గర మోకాళ్ళ మీద ఉన్నాడు. రంపం బొటనవేలు లోతున దిగిన గాటుకు మైనం పూసి, అంటుకట్టే టేపు చుడుతున్నాడు. వదిన చెప్పింది విన్నాడు. తల ఊపాడు. సంతోషించినట్టు కనపడలేదు, కోపమూ కనపడలేదు.

"నా వల్లే బాబాయిగారూ, ఆ ఒక్కటీ."

"అవును, నీ వల్లే," అన్నాడు, టేపు పంటితో తెంపుతూ. "మిగతావి కూడా నీ వల్లే. ఆ చివర పట్టుకో, బిగించాలి."

వదిన సంచి కింద పెట్టి, టేపు చివర పట్టుకుంది.

"బతుకుతుందా?"

"వర్షాలు పడ్డాక తెలుస్తుంది. చిగురు పెట్టిందంటే బతికినట్టు. గట్టిగా లాగు అమ్మాయ్, అది గాటు, నీ కోటు గుండీ కాదు."

గుండీ సంగతి నేను చెప్పానని వదిన నావైపు గుర్రుగా చూసింది. చూస్తూనే టేపు లాగింది. పెద్దాయన ఇంకో చుట్టు చుట్టాడు.